సెలవు ఎవరిస్తారు?

మన భాషలో 'సెలవు' అన్నది చిత్రమైన మాట. బడికి సెలవంటాం, ఆఫీసుకి సెలవంటాం. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు పెద్దవాళ్ల దగ్గర సెలవు తీసుకుంటాం. గొప్పవాళ్లు ఏదైనా మాట్లాడితే 'సెలవిచ్చారు' అంటాం. మూడు చోట్లా ఒక సంగతి మాత్రం మారదు. సెలవు పైనుంచి కిందికి వస్తుంది. ఇచ్చేవాళ్లు ఒకరు, పుచ్చుకునేవాళ్లు మరొకరు. మరి ఇచ్చేవాళ్లెవరో తెలియని పనికి సెలవెలా దొరుకుతుంది? ఇంటి పనిలోకి మనల్ని ఎవరూ కాగితం రాసిచ్చి చేర్చుకోలేదు. జీతం ఇంతని చెప్పలేదు. పని గంటలు చెప్పలేదు. అందువల్ల సెలవు కావాలంటే అర్జీ ఎవరికి పెట్టుకోవాలో కూడా మనకి తెలియదు.

ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. ఎందుకంటే నాకు మాత్రం సెలవులున్నాయి. 14 ఏళ్లుగా కువైట్‌లో ఒక భారతీయ పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. ఎండాకాలం బడి మూసేస్తారు, జీతం ఆగదు. పుట్టిల్లు హిందూపురం. ఏటా జూన్ చివర్లో బెంగళూరులో విమానం దిగి ఇంటికి చేరతాను. వచ్చిన దగ్గర్నుంచి చుట్టాలంతా ఒకటే మాట: "బాగా రెస్టు తీసుకోమ్మా, అక్కడ అలిసిపోయి ఉంటావు." ఈ మాట మా అమ్మ కూడా అంటుంది. 72 ఏళ్ల మా అమ్మ, పొయ్యి దగ్గర నిలబడి, చేతిలో అట్లకాడతో అంటుంది.

పోయిన ఏడాది జూలైలో నేనే పూనుకుని అమ్మనీ వదిననీ తీసుకుని హార్సిలీ హిల్స్‌లో రెండు రాత్రులు ఉండి వచ్చాను. నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తు, చల్లటి గాలి, యూకలిప్టస్ వాసన, పొద్దున్నే లోయంతా మంచు. అంతా బాగుంది. యాత్రా విశేషాలు చెప్పడానికి మాత్రం ఇది రాయడం లేదు. ఆ రెండు రోజులూ, ఆ తర్వాత చాలా రోజులూ నన్ను వదలని ప్రశ్న గురించి రాస్తున్నాను. విశ్రాంతి అంటే చేసిన పనికి కూలీనా? ఎవరో దయతలచి ఇచ్చే దానమా? మనిషిగా పుట్టినందుకు ఉన్న హక్కా? హక్కే అయితే, నేను దాన్ని వాడుకున్న రోజున నా పని వెళ్లి ఎవరి నెత్తిన పడుతోంది?

* * *

మొదట అమ్మ రానంది. "నేనొస్తే మీ నాయనకు కాఫీ ఎవరు పెట్టిస్తారు? నేను యాడికీ రాను పో" అంది. నాయనకి 78 ఏళ్లు. కాఫీ పెట్టుకోవడం రాదు. నేర్చుకోవాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ కలగలేదు. చివరికి అన్న "నేను చూసుకుంటాలేమ్మా, పోయిరా" అన్నాక ఒప్పుకుంది. ఒప్పుకున్న మరుక్షణం నుంచి పని మొదలైంది. పులిహోరకి చింతపండు గుజ్జు చేసి పెట్టింది. చెనక్కాయల పొడి కొట్టింది. ఊరిబిండి నూరింది. జొన్నరొట్టెలు చేసి గుడ్డలో చుట్టింది. ఇడ్లీ పిండి రుబ్బి ఫ్రిజ్జులో పెట్టింది. ఏ డబ్బాలో ఏముందో అన్నకి రెండుసార్లు చెప్పింది. వదిన పిల్లల యూనిఫారాలు మూడు జతలు ఇస్త్రీ చేసి కొక్కేలకి తగిలించింది. బయల్దేరే రోజు ఇద్దరూ తెల్లవారుజామున మూడింటికే లేచారు. కసువు ఊడ్చి, బోకులు తోమి, నీళ్లు పట్టి కారెక్కారు. కదిరి దాటకముందే ఇద్దరూ నిద్రపోయారు.

తిరిగొచ్చేసరికి మాసిన బట్టల కుప్ప, సింకు నిండా గిన్నెలు, పొంగిన పాలు ఎండి గట్టిపడిన పొయ్యి. లెక్కేసి చూశాను. రెండు రోజుల విశ్రాంతికి ముందుగా ఒకటిన్నర రోజు అడ్వాన్సు, తర్వాత ఒకటిన్నర రోజు వడ్డీ. పని తగ్గలేదు, వాయిదా పడిందంతే. నాకొచ్చే సెలవుకీ అమ్మకి దొరికిన సెలవుకీ తేడా ఇక్కడే ఉంది. జూలై పాఠాలన్నీ జూన్‌లోనే చెప్పేసి రమ్మని నన్నెవరూ అడగరు. బడే మూతపడుతుంది. ఇల్లు మూతపడదు.

"పనంతా అయినాక పండుకుంటాలే" అని అమ్మ ఎప్పుడూ అంటుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. పనిచేసినవాళ్లకే విశ్రాంతి, పని ముగిశాకే విశ్రాంతి. మన పెద్దలు, మన బడులు, మన ఆఫీసులు అన్నీ నేర్పిన నీతి ఇదే. అయితే ఈ నీతి ముగింపు ఉన్న పనుల్ని చూసి తయారైంది. మగ్గం మీది చీర పూర్తవుతుంది, కోసి దించుతారు. చేను కోత అయిపోతుంది. తరగతిలో సిలబస్ అయిపోతుంది. వంట ఎప్పుడు అయిపోతుంది? పొద్దున వండింది మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది. తోమిన గిన్నె గంటకల్లా మళ్లీ మాస్తుంది. ముగియని పని చేసేవాళ్లకి 'ముగిశాక విశ్రాంతి' అనే షరతు పెట్టామంటే, విశ్రాంతి లేదని మర్యాదగా చెప్పినట్టే. అందుకే మన ఇళ్లలో ఆడవాళ్లకి నడుం వాల్చడానికి దొరికే సాకులు మూడో నాలుగో. జ్వరం, పురుడు, కొన్నిళ్లలో ఆ మూడు రోజుల 'బయట'. ఒంట్లో బాగున్న ఆడమనిషి పట్టపగలు ఊరికే పడుకుంటే "ఏమైంది, ఒంట్లో బాలేదా?" అని అడుగుతారు. మగవాడు పడుకుంటే ఆ ప్రశ్న రాదు.

* * *

మేం ఉన్న కొండ చరిత్రలో కూడా ఇదే ప్రశ్న ఉంది. 1860లలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్సిలీ ఎండలకి తాళలేక మదనపల్లె దగ్గరి ఈ కొండ మీద వేసవి విడిది ఇల్లు కట్టించుకున్నాడు. సొంత దేశానికి సముద్రాల అవతల ఉద్యోగం చేసే మనిషి కొండెక్కి సేదతీరాడు. కొండకి ఆయన పేరు స్థిరపడింది. దాని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మని ఏనుగులు పెంచాయనీ, జబ్బుపడి వచ్చినవాళ్లకి ఆమె నయం చేసేదనీ, ఒకరోజు కనిపించకుండా పోయిందనీ చెప్పుకుంటారు. జనానికి పనికొచ్చిన ఆడమనిషి పేరు కథకి మిగిలింది. విశ్రాంతి తీసుకున్న దొర పేరు రోడ్డు పక్క బోర్డులకి ఎక్కింది. ఆ దొర సామాను మోసుకుంటూ కొండెక్కిన వాళ్ల పేర్లు రెండుచోట్లా లేవు.

తెల్లదొరలనే అనడం ఎందుకు? మా పెనుకొండ విజయనగర రాజులకి వేసవి రాజధాని. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిపోయాక అదే అసలు రాజధాని అయింది. గగన్ మహల్ ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ గోడల మధ్య నిలబడితే గాలి హాయిగా తగులుతుంది. రాజుగారికి వింజామర వీచిన చేతులకి ఎవరు విసిరారన్నది ఏ గైడూ చెప్పడు. ఎత్తైన చోట ఎవరో సేదతీరాలంటే, కింది నుంచి నీళ్లూ కట్టెలూ బియ్యమూ పైకి ఎక్కాలి. మోసేవాళ్లకి ఎత్తు అంటే చల్లదనం కాదు, బరువు.

కొండ మీద మొదటి రోజు అమ్మ నాలుగున్నరకే లేచింది. చేతులకి ఏం పని చెప్పాలో తెలియలేదు. దుప్పట్లు మడిచింది. వరండాలో రాలిన ఆకుల్ని ఒక్కొక్కటిగా ఏరింది. ఏడింటికి గదులు శుభ్రం చేసే ఆవిడ చీపురు పట్టుకుని వస్తే, అమ్మ చెయ్యి చాచి ఆ చీపురు అందుకోబోయింది. "వద్దమ్మా, మీరు చేసుకుంటే నాకు పనుండదు" అందావిడ నవ్వుతూ. కొండ కింది పల్లె నుంచి రోజూ పైకి వస్తుందట. ఇంట్లో వంట చేసి, మంచం మీదున్న అత్తకి తినిపించి బయల్దేరుతుందట. శని, ఆదివారాలూ పండగలూ వచ్చాయంటే గదులు నిండిపోతాయి, అప్పుడు సెలవు అడగడానికి లేదు. అందరికీ సెలవైన రోజే ఆమెకి పని ఎక్కువ. "ఎప్పుడన్నా ఇట్ల ఊరికే కూర్చోని చూసినావా ఈ కొండని?" అని వదిన అడిగింది. "ఊరికే యాల కూర్చుంటారమ్మా?" అందావిడ. హేళనగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

మా దగ్గర చప్పున జవాబు లేదు. మా పని మేమే చేసుకుంటే ఆమె కూలీ పోతుంది. ఆమె చేత చేయించుకుంటే మా విశ్రాంతి ఆమె నడుం మీద కూర్చుంటుంది. రెండూ నిజమే. ఈ ముడి దగ్గరికి మళ్లీ వస్తాను.

* * *

కొండ దిగిన వారానికి వదిన తన పుట్టింటికి ధర్మవరం వెళుతుంటే నేనూ తోడు వెళ్లాను. పెనుకొండ దారిలోనే కదా, పిల్లల పోరు పడలేక అక్కడి కుంభకర్ణుడి పార్కులో ఆగాం. పడుకున్న భారీ విగ్రహం, చుట్టూ అతన్ని లేపడానికి తంటాలు పడే రాక్షసులు. పిల్లలకి భలే సరదా. నాకు మాత్రం చిన్నప్పటి తిట్లు గుర్తొచ్చాయి. సూర్యుడు వచ్చాక లేచిన ఆడపిల్లని కుంభకర్ణుడితోనే కదా పోలుస్తారు! పురాణంలో కుంభకర్ణుడి నిద్రకి ఒక రాజ్యం మొత్తం ఏర్పాట్లు చేస్తుంది. లేచేసరికి తిండి గుట్టలుగా సిద్ధం. ఆ గుట్టలు వండిన చేతుల గురించి ఎవరూ అడగరు.

మన ఆడవాళ్ల రామాయణంలో ఇంకో నిద్ర ఉంది, ఊర్మిళ నిద్ర. లక్ష్మణుడు అడవిలో నిద్రమాని అన్నావదినలకి కాపలా కాస్తే, ఇక్కడ ఊర్మిళ 14 ఏళ్లు నిద్రపోతుంది. పేరంటాల్లో, ఇళ్లల్లో తరాలుగా పాడుకున్న ఈ పాటల గురించి వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన తన ప్రసిద్ధ వ్యాసంలో వివరంగా రాశారు. ఊర్మిళ నిద్రని మనకి ఎప్పుడూ త్యాగంగానే చెప్పారు. భర్త వంతు నిద్ర కూడా ఆమే మోసిందని. అంటే ఆమె నిద్ర కూడా సేవ కిందే జమ అయింది! నాకు ఇంకోలా వినిపిస్తుంది. తెల్లవారుజామున లేచి అర్ధరాత్రి పడుకునే ఆడవాళ్లు, తమలో ఒకతెకి 14 ఏళ్ల పాటు ఎవరూ లేపని నిద్రని ఊహించుకున్నారు. ఎవరూ తప్పుపట్టకుండా దానికి భర్త పేరు అడ్డం పెట్టారు. అన్నేళ్ల తర్వాత లక్ష్మణుడు వచ్చి లేపితే ఆమె గుర్తుపట్టదు, ఎవరో పరాయి మగవాడనుకుని మందలిస్తుంది. నిద్ర లేపినవాణ్ని నువ్వెవరని అడిగే హక్కు ఆ పాటలోనైనా ఒక ఇల్లాలికి దొరికింది.

ఈ ఊహ వెనుక ఎంత ఆకలి ఉందో అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' కథ చదివినవాళ్లకి తెలుసు. జీవితమంతా కంటినిండా నిద్ర కోసం తపించిన ఇల్లాలి కథ అది. ఆ పేరులోని ఎత్తిపొడుపు చదివిన చాలా రోజుల వరకూ మనల్ని వదలదు.

* * *

వదిన పుట్టింట్లో రెండు మగ్గాలుండేవి. ఇప్పుడు ఒకటే నడుస్తోంది. ధర్మవరం పట్టుచీర అంటే నేసేవాడే మన కళ్ల ముందు కదులుతాడు. గుంటమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్న మగవాడు, చేతిలో నాడె. ఆ నాడెలోకి కండె చుట్టిచ్చేది ఎవరు? పట్టు దారం విడదీసేది, పడుగు అతికేది ఎవరు? వదిన ఏడో ఏట నుంచి కండెలు చుట్టింది. చీరకి కట్టే కూలీలో ఆ పనికి విడిగా లెక్క లేదు. ఇంటి ఆడవాళ్లు చేతికి సాయం చేశారు, అంతే.

ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ 'రాజనీతి'లో ఒకచోట నాడె ప్రస్తావన తెస్తాడు. నాడె దానంతటదే నేసుకుంటూ పోగలిగితే యజమానులకి బానిసల అవసరమే ఉండదని అంటాడు. నాడె అలా నేయదు కాబట్టి బానిసలు ఉండాల్సిందేనని ఆయన వాదన. పౌరుడికి తీరిక కావాలి, తీరికలోనే ఆలోచన, రాజకీయం, తత్వం పుడతాయి. ఆ తీరికని అమర్చేవాళ్లు బానిసలు, స్త్రీలు. పాశ్చాత్య తత్వశాస్త్రం తీరిక గురించి ఇంత గొప్పగా మాట్లాడింది ఎవరి తీరిక మీద నిలబడో ఆ ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది.

మరి నాడె తనంతట తాను కదిలే రోజు రానే వచ్చింది. ధర్మవరంలో పవర్‌లూమ్స్ వచ్చాయి. చేనేతకి కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో చట్టం చేసినా, మరమగ్గం చీరలు చేనేత పేరుతో అమ్ముడుపోతూనే ఉన్నాయి. నేతవాళ్లకి తీరిక దొరికిందా? దొరికింది పని లేకపోవడం. ఈ రెండింటినీ కలిపేయకూడదు. వానాకాలం గుంటలో నీళ్లూరి మగ్గం ఆగితే ఇంట్లో ఎవరూ విశ్రాంతి తీసుకోరు. అప్పులవాడి అడుగుల చప్పుడు వింటూ కూర్చుంటారు. 2000 తర్వాత ఈ ఊరి నుంచి వచ్చిన నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలు మనమంతా చదివాం. "మగ్గం ఆడే రోజుల్లో ఒళ్లు నొప్పులతో నిద్ర పట్టేది కాదు. ఆగినాక దిగులుతో పట్టదు" అంది వదిన వాళ్లమ్మ. రేపటి మీద భరోసా లేని తీరికని విశ్రాంతి అనలేం.

దీనికి పక్కనే ఇంకో మాట కూడా చెప్పాలి. యాదాద్రి జిల్లా ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశాడు. పోచంపల్లి రకం చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే ఆమె చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. 1999లో యంత్రం పూర్తయింది, తల్లి పేరే దానికి పెట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఇంట్లో ఎవరో ఆ చెయ్యి ఎన్నిసార్లు తిరుగుతోందో లెక్కపెట్టారు. మన ఇళ్లలో లెక్కపెట్టేవాళ్లు లేరు.

* * *

లెక్కలంటే గుర్తొచ్చింది. మన దేశంలో జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో ప్రభుత్వం 2019లోనూ 2024లోనూ సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు దానికి 2019లో రోజుకి 299 నిమిషాలు పెట్టారు, 2024లో 289. ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు, తర్వాత 88. ఐదేళ్లలో స్త్రీలకి పది నిమిషాలు తగ్గాయని సంబరపడబోతే, పురుషులకీ తొమ్మిది తగ్గాయి! మిక్సీలు, గ్యాసు, కుళాయిలు తగ్గించిన పనే తప్ప పంచుకున్న పని కాదది.

1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటనలో 24వ అధికరణం విశ్రాంతిని, తీరికని ప్రతి ఒక్కరి హక్కుగా చెప్పింది. అదే ప్రకటన మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అనే అర్థమిచ్చే మాట తీయించి 'మానవులందరూ' అని పెట్టించింది మన హంసా మెహతా. ఆ ఒక్క మాటతో మనం కూడా లోపలికి వచ్చాం. కానీ 24వ అధికరణంలోని వివరాలు చూడండి. పని గంటలకి పరిమితి ఉండాలట, జీతంతో కూడిన సెలవులు ఉండాలట. అమ్మ పని గంటలకి పరిమితి ఎవరు పెట్టాలి? జీతంతో సెలవు ఎవరివ్వాలి? హక్కు ఉంది, జవాబుదారీ ఎవరన్నది లేదు.

ఇంటి పని జీతానికి చేసేవాళ్ల సంగతి కొంచెం నయం, కాగితం మీద. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం చేసింది. ఇళ్లలో పనిచేసేవాళ్లకి వారానికి వరసగా 24 గంటల విశ్రాంతి ఉండాలంది. భారతదేశం దానికి ఓటేసింది, ఆమోదించడం మాత్రం ఇంకా జరగలేదు. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతం సెలవు, రోజుకి 12 గంటలకి మించని పని. ఎండాకాలం పగటి పూట ఆరుబయట పని చేయించకూడదని కూడా అక్కడ నిషేధం ఉంది. మంచిదే. వంటింటి వేడి ఆరుబయటి కిందికి రాదు.

మా బిల్డింగులో పై అంతస్తు ఇంట్లో కదిరి వైపు నుంచి వచ్చిన ఒకావిడ పనిచేస్తుంది. రాయలసీమ నుంచి కువైట్‌కి ఇళ్లల్లో పనికి వచ్చిన వేలమంది ఆడవాళ్లలో ఒకరు. లిఫ్టులో కలుస్తాం, కిందికి చెత్త పడెయ్యడానికి వచ్చినప్పుడు రెండు మాటలు తెలుగులో మాట్లాడుకుంటాం. చట్టం గురించి చెబితే "అట్లనా!" అని వింది. ఆమెకి రెండేళ్లకోసారి ఇంటికి పోయే సెలవు. ఇంటికి పోతే? "పోయినాక ఇంకా ఎక్కువమ్మా. వచ్చినోళ్లకంతా వండిపెట్టల్ల, కూతురి పెండ్లి అప్పు చూడల్ల, మా ఆయన తాగి పడిపోతే ఎత్తల్ల. విమానంలో ఆ నాలుగైదు గంటలే నావి. బెల్టు కట్టేసి కూర్చోబెడతారు, ఎవరూ పిలవరు. అన్నం కూడా చేతికి తెచ్చిస్తారు" అంది.

విశ్రాంతికి నేను చదివిన నిర్వచనాల్లో ఇంత సరైనది లేదు. 'ఎవరూ పిలవరు.' ఒళ్లు కదపకపోవడం విశ్రాంతి కాదు. కూర్చుని ఉన్నా చెవి వంటింటి వైపు ఉంటే, ఏ క్షణాన ఎవరు పిలుస్తారోనని మనసు గుమ్మంలో నిలబడి ఉంటే, అది డ్యూటీయే. అమ్మ కొండ మీద రోజుకి ఆరుసార్లు ఇంటికి ఫోన్ చేసింది. కొండ ఎత్తు ఎంతైనా పిలుపు అందే దూరంలోనే ఉంది.

* * *

ఇప్పుడు ఇందాక వదిలేసిన ముడి. పిలుపు వచ్చినప్పుడు నేను పలకనంటే ఇంకొకరు పలకాలి. పసిపిల్లలు, ముసలివాళ్లు, జబ్బుపడినవాళ్లు ఉన్నంతకాలం పిలుపులు ఆగవు, ఆగకూడదు కూడా. కాబట్టి 'అందరికీ విశ్రాంతి హక్కు' అన్నంత మాత్రాన తేలదు. ఎవరి విశ్రాంతి వేళ ఎవరు మేలుకుని ఉంటారు అన్నదే అసలు నైతిక ప్రశ్న. ఊర్మిళా లక్ష్మణుల కథలో ఈ ఎరుక ఉంది. ఒకరు నిద్రపోతే ఒకరు మేలుకున్నారు. కానీ వాళ్లకి మార్చుకునే వీలు లేకపోయింది.

దీనికి మన భాషలోనే మంచి మాట ఉంది, వంతు. చేలకి చెరువు నీళ్లు పెట్టుకోవడంలో వంతు, కుళాయి దగ్గర బిందెలకి వంతు. వంతులో దయ లేదు, దానం లేదు. నీకు అర్హత ఉందా, పని పూర్తి చేశావా అని అడిగేవాళ్లు లేరు. నా తర్వాత నువ్వు, నీ తర్వాత నేను. విశ్రాంతిని కూలీగా చూస్తే ముగియని పని చేసేవాళ్లకి ఎప్పటికీ అందదు. దానంగా చూస్తే ఇచ్చేవాడి ముఖం చూస్తూ ఉండాలి. వంతుగా చూస్తేనే అది పంచుకునే వస్తువు అవుతుంది. గదులు ఊడ్చే ఆవిడ దగ్గర చీపురు లాక్కోవడం పరిష్కారం కాదు. ఆమెకి సరైన కూలీ, వారానికో రోజు, ఆ రోజుకి కోతలేని జీతం ఉన్నాయా అని అడగాలి. కొండ మీద ఊరికే కూర్చోవడానికి ఆమె వంతు ఎప్పుడు అని అడగాలి. ఆ వంతు లేని చోట నా విశ్రాంతి ఆమె దగ్గర తీసుకున్న అప్పు. అది నేను డబ్బిచ్చి కొనుక్కున్నానన్నంత మాత్రాన తీరదు.

ఇంట్లోవాళ్లకి చేసిపెట్టడం ప్రేమ, దానికి వంతులేమిటి అనేవాళ్లున్నారు. అమ్మ కూడా అంటుంది. ఆ ప్రేమని నేను కాదనను, ఆ చేతి ఊరిబిండి తిని పెరిగినదాన్ని. అయితే ప్రేమ ఎప్పుడూ ఒకే వైపు నుంచి వండుతూ, ఇంకో వైపు నుంచి తింటూ ఉంటే దాని పేరు గురించి కొంచెం ఆలోచించాలి. ప్రేమకి కాఫీ పెట్టడం నేర్చుకోవడానికి 78 ఏళ్లు పట్టకూడదు.

కువైట్ తిరిగి వచ్చేముందు ఇంట్లో ఒక ఏర్పాటు గురించి మాట్లాడుకున్నాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అమ్మ గది తలుపు గడియ. ఎవరూ పిలవకూడదు. మొదటి వారం అమ్మ నిద్రపోలేదట, గిన్నెల చప్పుడు వింటూ పడుకుందట. రెండో నెలకి అలవాటైంది. ఒకరోజు నాలుగున్నర దాటినా లేవలేదట. నాకు ఫోన్లో చెబుతుంటే ఆమె గొంతులో సిగ్గు, సంతోషం రెండూ ఉన్నాయి.

తర్వాత ఫోన్ వదిన తీసుకుంది. "బాగుందిమ్మా. ఆ రెండు గంటలూ మీ నాయన పిలుస్తే నేను పోతాండా. తలుపు కొడితే నేను తీస్తాండా. పిల్లోళ్లకి బువ్వ నేనే. మరి నా వంతు ఎప్పుడు?" అంది.

జవాబు చెప్పాల్సింది నేను కాదు. అన్న ఆ పక్కనే టీవీ చూస్తున్నాడని చప్పుడుని బట్టి తెలుస్తోంది. ఫోన్ అన్నకి ఇమ్మన్నాను.